కాలువ మొదలు చూచి వచ్చితిమి

యాత్ర యనగానే మనకు కాశీరామేశ్వరములు జ్ఞప్తికి వచ్చును. ఈ కాలమున విమానమెక్కి కాశ్మీరమునకును, సింగపూరునకును పోయివచ్చిన సోదరీమణులును మనలో అనేకులు గలరు. వారు చెప్పు ముచ్చటల యెదుట మేము వ్రాయబోవు యాత్ర మిక్కిలి చిన్నది. తెల్లవారి బయలుదేరి దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరితిమి. దారిలో కొండలు లేవు, మంచు లేదు. మా పెరటి వెనుక పారు కాలువ యెచ్చట మొదలిడుచున్నదో చూచి వచ్చితిమి. అంతే. ఇంతమాత్రమునకు వ్రాత యెందుకని చదువరులు అడుగవచ్చును. బయలుదేరునపుడు మేమును, ఇంతమాత్రమునకు ప్రయాణ మెందుకనియే అనుకొంటిమి.

మా గ్రామము కోనసీమలో అమలాపురపు కాలువ గట్టున నున్నది. గిన్నెలు తోముకొనుట, బట్టలు జాడించుకొనుట, పశువులను కడుగుట, కొబ్బరితోటలకు తడి పెట్టుట, పోలిస్వర్గమునాడు అరటిదొప్పలలో దీపములు వదలుట, అన్నియు ఆ కాలువలోనే. మా పెద్దల కాలమున త్రాగు నీరును అదియే. బిందె లోపల చిల్లగింజ అరగదీసి, నీరు పోసి యుంచినచో ప్రొద్దుటికి మన్ను అడుగునకు దిగి, పైన అద్దమువంటి నీరు తేలెడిది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మంచినీళ్ల చెరువే దిక్కు. నేడు ఇంటింట కుళాయి గలదు. ఆ కుళాయి నీరును కాలువనుండి చెరువునకు, చెరువునుండి వడపోతకు పోయి వచ్చునదే. త్రాగుటకు మాత్రము ఇరువది లీటర్ల డబ్బా గుమ్మములోనికి వచ్చుచున్నది. బిందె మోయు శ్రమ తప్పినది, సంతోషమే. కాని దానితోపాటు ఈ నీరెక్కడిదని అడుగుటయు మాకు తప్పిపోయినది.

అడిగినది మా అత్తగారు. వారికి ఎనుబది రెండు సంవత్సరములు. 1959లో, పదునారేండ్ల వయసున, పడమటి డెల్టాలో నరసాపురపు కాలువ గట్టుననున్న తమ పుట్టినింటినుండి మా గ్రామమునకు కాపురమునకు వచ్చిరి. వచ్చిననాటినుండి కుళాయి పడువరకు, కాన్పుల దినములు తప్ప, ఉదయము నాలుగు బిందెలు, సాయంకాలము నాలుగు బిందెలు రేవునుండి ఇంటికి మోసిరి. ఆ నీటితోనే ఐదుగురు బిడ్డలను పెంచిరి. అయినను ఆ నీటిని వారు ఎన్నడును పూర్తిగా మెచ్చుకొని యెరుగరు. "మా పుట్టింటి కాలువ నీళ్లు తియ్యనర్రా. ఈ నీళ్లు పప్పుడకడానికి పనికొస్తాయి గాని దాహం తీరదు" అనుట వారికి వాడుక. మేము, మా తోడికోడండ్రు, చాటున నవ్వుకొనెడివారము. ఆడుదానికి పుట్టినింటి ఆవకాయ, పుట్టినింటి గోరింటాకు, పుట్టినింటి నీరు, అన్నియు నాణ్యమైనవే గదా! ఆ మాట మేమును మా పుట్టిండ్ల విషయమున అనుచునే యుందుము. అందుచేత పెద్దగా నవ్వుటకు మాకు ధైర్యము లేదు.

గడచిన కార్తికమున నొక సాయంకాలము వారు రేవుమెట్ల మీద కూర్చుండి, కాలువను చూచుచు, "అమ్మాయీ, అరవయ్యారేళ్లు ఈ నీళ్లు మోశాను. ఇవి ఎక్కడనుంచి వస్తాయో ఒక్కసారి చూపించకూడదూ?" అని అడిగిరి. వారు ఒక వస్తువు కావలెనని అడుగుట మే మంతకు మున్నెన్నడును వినలేదు. కొండకు పోయిరి, అది మనుమని పుట్టువెండ్రుకలకు. కాశికి పోయిరి, అది మామగారి మ్రొక్కునకు. హైదరాబాదు పోయిరి, అది కూతురి పురిటికి. వారికొరకై వారు గడప దాటిన దినము ఏదియని లెక్కించిచూచితిమి. ఒక్కటియు కనబడలేదు.

ఇంటిలో ఈ మాట యెత్తగానే మగవారు నవ్విరి. "ఆనకట్టలో చూచుట కేమున్నది? నీళ్లును, ఇనుప తలుపులును. ఈ వయసున అంతదూర మెందుకు?" అని బావగారు. మరిదిగారు వెంటనే ఫోను తీసి ధవళేశ్వరపు ఆనకట్ట చలనచిత్రము నొకదానిని తల్లికి చూపెను. వారు కళ్లజోడు సవరించుకొని తుదివరకు చూచి, "బాగుంది నాయనా. కాని చప్పుడు ఇది కాదు" అనిరి. ఆ మాటకు అర్థ మేమని యెవరమును అడుగలేదు. పాట పెట్టిన చిత్రము గనుక అట్లనిరి కాబోలు ననుకొంటిమి.

మేము ఒక ఉపాయము చెప్పితిమి. కార్తికస్నానమునకు రాజమహేంద్రవరము పోవుదు మన్నచో ఇంట ఎవరును మారుపలుకరు. దారిలో ఆనకట్ట యెట్లును తగులును. మా యుపాయమునకు మేమే మురిసికొనుచుండగా అత్తగారు ఒప్పుకొనలేదు. "స్నానం వంక పెట్టకండర్రా. దేవుడి పేరు చెప్పి ఎన్నిచోట్లకో వెళ్లాను. దీనికి మాత్రం చూడాలని ఉందనే వెళతాను" అనిరి. ఆ మాట మాకు చురుక్కుమని తగిలినది. పుణ్యమో, పురుడో, పెండ్లియో చెప్పనిదే గడప దాటుట తప్పని ఇంటివారు మాత్రమే అనుకొనుట లేదు. మేమే ముందుగా అనుకొనుచున్నాము.

మగవారిని ఒప్పించుట ఒక్క పూట పని. మమ్ము మేము ఒప్పించుకొనుటకు మూడు దినములు పట్టినది. దోసెలపిండి రుబ్బియున్నది, పాలవాడు వచ్చు దినము, గ్యాసు బండ రావలెను, చిన్నదానికి పరీక్షలు దగ్గరకు వచ్చినవి. ప్రతి యభ్యంతరమును మా నోటనే పుట్టెను. తుదకు ఒక ఆదివారము నిశ్చయించుకొని అద్దె మోటారు మాటలాడితిమి. అత్తగారు, పెద్ద తోడికోడలు, మేము, ప్రక్కయింటి పిన్నిగారు, పదియేండ్ల మా యమ్మాయి, ఐదుగురము. రాత్రియే పులిహోర కలిపి, దద్ధోజనము డబ్బాకెత్తి, నాలుగు అరటాకులు చుట్టి యుంచితిమి. ఆ పూట వంట మగవారు చేసికొనిరి. అన్నము కొంచెము మెత్తబడినదట. ఇల్లు మాత్రము ఉన్నచోటనే యున్నది.

తెల్లవారుజామున బయలుదేరి రావులపాలెము చేరునప్పటికి అరటిగెలల సంత జరుగుచుండెను. అచ్చటినుండి బొబ్బర్లంక వైపు బాట కాలువ ప్రక్కనే పోవును. ఒక వైపు నిండుకాలువ, ఒక వైపు కోతకు వచ్చిన వరిచేలు. మంచు ఇంకను విడలేదు. ఇంటి వెనుక కాలువను మే మెప్పుడును దిగువకు పారునదిగనే చూచితిమి. ఆ దినమున నీటికి ఎదురుగా పోవుచుండగా, తెలిసినవారి యింటికి దొడ్డిదారిని వెళ్లినట్లుండెను.

మొదట లొల్లలాకుల వద్ద ఆగితిమి. మధ్య డెల్టా పెద్దకాలువ ఇచ్చట చీలి వేరువేరు కాలువలుగా కోనసీమలోనికి దిగుచున్నది. అందులో నొకటి మాది. చెట్లనీడ, నీటి చప్పుడు, చల్లని గాలి గల చోటు. సినిమావారు వచ్చి చిత్రములు తీసికొనిపోవుదురు. లాకనగా నేమో మా యమ్మాయికి తెలియదు. అత్తగారే చెప్పిరి. కాలువ ఎత్తునుండి పల్లమునకు దిగుచోట, రెండు జతల తలుపుల నడుమ ఒక తొట్టివంటి దుండును. పైనుండి వచ్చు పడవ తొట్టిలోనికి రాగానే వెనుక తలుపులు మూసివేసి, నీటిని మెల్లగా దిగువకు వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును. రెండు వైపుల నీరు సమమైన పిమ్మట ముందు తలుపులు తీయుదురు. ఎదురు పోవు పడవకు ఇదే పని తారుమారుగా జరుగును. బాటలు పడి లారీలు వచ్చువరకు బియ్యము, కొబ్బరి, పెండ్లివారు, అందరును ఈ కాలువలమీదనే ప్రయాణము చేసెడివారు.

"నేను కాపురానికి ఇలాగే వచ్చాను. పడవ కిందికి దిగిపోతుంటే ములిగిపోతున్నామనుకొని గట్టిగా ఏడ్చాను. సరంగు నవ్వాడు" అనిరి అత్తగారు. మాకు ఆశ్చర్యమైనది. వారు పడవమీద వచ్చిరని తెలియును. ఏ దారిని వచ్చిరో అరువది యారు సంవత్సరములలో ఎవరమును అడిగియుండలేదు. వారికిని తెలియదు. పడవ గూటిలో, తలవంచుకొని, చీకటిలో వచ్చినవారికి దారి యెట్లు తెలియును?

ఆత్రేయపురమున ఎండ వచ్చినది. ఈ గ్రామపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినదని పత్రికలలో చదివియుంటిమి. చేయువారిని చూడవలెనని ఒక యింటి అరుగువద్ద నిలిచితిమి. ఇద్దరు స్త్రీలు కుండలు బోర్లించి, వాని క్రింద ఎండు కొబ్బరియాకు మంట పెట్టుచుండిరి. పలుచగా కలిపిన బియ్యపుపిండిలో గుడ్డ ముంచి కుండమీద ఒక్కమారు లాగుదురు. అంతే, రెప్పపాటులో కాగితముకన్న పలుచని రేకు లేచి వచ్చును. పిన్నిగారు తామును లాగిచూచిరి. రేకు రాలేదు గాని వ్రేలు కాలినది. అందులో నొకామె నవ్వి, "మాకూ మొదట ఏడాది ఇదే పనండి" అనెను. నేయి, పంచదార అద్ది మడిచిన తరువాత తినువారికి తీపియే తెలియును. చేతిని కాల్చిన మంట తెలియదు. ఆ యరుగుమీద కూర్చుండి చెరియొకటి తిని, ఇంటికి రెండు పెట్టెలు కట్టించుకొని, ఈ మారు బేరము చేయక చెప్పిన ధర యిచ్చి వచ్చితిమి.

బొబ్బర్లంక చేరునప్పటికి తొమ్మిది గంటలు. ఇచ్చటనే మా కాలువ నదినుండి విడివడుచున్నది. ఒక పొడుగాటి తూము, దానికి వరుసగా తలుపులు, అవతల గోదావరి, ఇవతల కాలువ. చూచుట కంతే. కాని తూమునకు అవతల నిలిచి నదివైపు చూచినచో ఎదుటి యొడ్డు దొరకదు. ధవళేశ్వరమునకు ఎగువ ఇంకను చీలని యీ నదిని అఖండ గోదావరి యందురు. ఆనకట్ట దాటిన పిమ్మటనే గౌతమి యనియు, వసిష్ఠ యనియు వేరై, నడుమ మా కోనసీమను పెట్టుకొని సముద్రమునకు పోవును.

ఈ యానకట్ట కథ మన స్త్రీలు తెలిసికొనదగినది. ఇది లేనపుడు ఇంత నది ప్రక్కన నుండగనే ఈ సీమ ఎండిపోవుచుండెడిది. 1832-33లో తెలుగుదేశమున ఘోరమైన కరువు వచ్చి జనులు వేలకు వేలు మరణించిరి. 1839లో కోరంగివైపు సముద్రము పొంగి ఊళ్లను ముంచినది. అట్టి దుఃస్థితిలో ఆర్థర్ కాటను అను సైనిక యింజనీరు నదిని పరిశీలించి, అడ్డముగా రాతికట్ట కట్టి నీటిని కాలువలకు మళ్లింపవచ్చునని ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో మొదలుపెట్టిన పని 1852లో ముగిసినది. నడుమనున్న లంకలను విడిచి, నాలుగు భాగములుగా కట్టిన ఆ కట్ట పొడవు సుమారు 12,000 అడుగులు. అడుగు తెలియని ఇసుకలో పునాది నిలుపుట యెట్లో ఈ దేశపు పూర్వుల కట్టడములను చూచియే నేర్చుకొంటిమని కాటను దొర దాచుకొనక వ్రాసెను. కావేరిపై చోళరాజుల కాలమునాటి కల్లణ ఆనకట్ట అట్టిదే. ఆయనకు కుడిభుజముగా నిలిచి కూలిజనమును కూర్చి పని నడిపినవారు వీణెం వీరన్నగారు. ఆ పాతకట్ట నూరేండ్లకు పైగా పనిచేసిన పిమ్మట దానికి బదులుగా క్రొత్త బ్యారేజి కట్టి 1982లో ముగించిరి. దానికి కాటను పేరే పెట్టిరి. తూర్పు, మధ్య, పడమటి డెల్టాలలో సుమారు పది లక్షల యెకరములు ఈ నీటితో పండుచున్నవి.

మేము ఇదంతయు చదివి చెప్పుచుండగా అత్తగారు విని, "దొరగారి పేరుంది, వీరన్నగారి పేరుంది, బాగుంది. ఇంత రాయి, ఇంత మట్టి మోసినవాళ్లలో ఆడవాళ్లుండరూ? వాళ్ల పేర్లేవి?" అని అడిగిరి. మేము తెచ్చుకొన్న పుస్తకమున వారి పేరులు లేవు. బిందెలు మోసినవారికి తట్టలు మోసినవారు జ్ఞప్తికి వచ్చుట సహజమే. మాకు రానందుకు సిగ్గుపడితిమి.

మా కాలువ మొదలు చూచుట ఐనది గనుక ఇక తిన్నగా ధవళేశ్వరము పోవలసియుండెను. కాని మోటారు నడుపు అబ్బాయి, "అమ్మగారూ, అటువైపు విజ్జేశ్వరంకూడా చూస్తారా? పడమటి కాలువ అక్కడే మొదలు" అనెను. ఆ యబ్బాయికి మా అత్తగారి పుట్టినిల్లు తెలియదు. మాకు మాత్రము ఆ మాటతో ఒక తలుపు తెరచినట్లయ్యెను. వెంటనే పోనిమ్మంటిమి. బ్యారేజిమీది బాటను మద్దూరు భాగము, దాని పిమ్మట విజ్జేశ్వరపు భాగము దాటుచుండగా మా యమ్మాయి తలుపులు లెక్కపెట్టసాగెను. మద్దూరు భాగమున 23, విజ్జేశ్వరపు భాగమున 39. ఆ దినమున కొన్ని తలుపులు కొంచెము ఎత్తియుండుటచేత క్రింద నీరు తెల్లగా నురుగులు కట్టి హోరుమనుచుండెను. గాలి చల్లగా మొగమునకు కొట్టినది.

మోటారు ఒడ్డునకు దిగినపిమ్మట అత్తగారు ఒక చెట్టునీడను నిలిచిరి. మాటలాడలేదు. వారికి ఒంటిలో బాగుండలేదేమోయని మేము కంగారుపడి నీళ్లసీసా తీసితిమి. వారు చేతితో వారించి, "ఇదర్రా, ఇదే చప్పుడు" అనిరి.

అప్పుడు చెప్పిరి. కాపురమునకు వచ్చిన రాత్రి, అదియు కార్తికమే, పడవ ఎంతోసేపు నిశ్శబ్దముగా కాలువలో పోయి, పిమ్మట ఒకచోట ఆగి, తలుపుల చప్పుడై, మరల కదలినది. ఆ తరువాత అలల ఊపు, దూరమున పెద్ద హోరు. గూటిలోనుండి తల యెత్తి చూడబోగా వెంటవచ్చిన మేనత్త, "తల బయట పెట్టకు, పడుకో" అన్నదట. ఆ హోరు వినుచునే ఏడ్చి ఏడ్చి నిద్రపోయిరట. తెల్లవారునప్పటికి మరియొక కాలువ, మరియొక యూరు. పిమ్మట పుట్టినింటికి రాకపోకలు వసిష్ఠ రేవు దాటియు, బస్సులు వచ్చిన తరువాత బస్సులమీదను జరిగినవి. ఆ రాత్రి దాటిన చోటు ఏదో మరల తెలియలేదు. "అడగడానికి సిగ్గేసేది. పెళ్లయి వచ్చిన దారి తెలియదంటే నవ్వరూ?" అనిరి.

మేము నవ్వలేదు. పడమటి కాలువ మొదలి తూమువద్దకు వారిని చేయిపట్టి నడిపించుకొని పోయితిమి. అచ్చటినుండి నీరు నిడదవోలు వైపు సాగి, వేరువేరు కాలువలై, నరసాపురపు కాలువగా వారి పుట్టినింటి గట్టు తాకును. నాడు వారి పడవ ఈ పడమటి కాలువలో ఎగువకు వచ్చి, ఇచ్చటి లాకు దాటి, ఆనకట్టకు ఎగువను అఖండ గోదావరిమీదుగా బొబ్బర్లంక చేరి, మా కాలువలోనికి దిగినది. ఇంతకాలము వారు తీపి యన్న నీరును, చప్పన యన్న నీరును ఒకే నది, ఒకే కట్ట, రెండు తూములు. ఈ సంగతి మేము చెప్పవలసి రాలేదు. వారే ఆ వైపు ఒకమారు, ఈ వైపు ఒకమారు చూచి, చిన్నపిల్లవలె నవ్విరి. నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి. ఆ మేనత్త తల యెత్తనిచ్చియున్నచో పదునారేండ్లనాడే ఈ మాట తెలిసియుండును గదా యని మాకు తోచినది.

ఆ గట్టుమీదనే అరటాకులు పరచి పులిహోర తింటిమి. అత్తగారు రెండవమారు పెట్టించుకొనిరి.

మధ్యాహ్నమునకు మరల బ్యారేజి యెక్కి, బొబ్బర్లంక దాటి, ర్యాలి భాగమున 43, పిచ్చుకలంక దాటి ధవళేశ్వరపు భాగమున 70 తలుపులు చూచుచు తూర్పు ఒడ్డు చేరితిమి. మా యమ్మాయి లెక్కకు మొత్తము 174 వచ్చినవి. పుస్తకమున 175 గలవు. నడుమ కొంగ యొకటి చేప పట్టగా చూచుచు ఒక తలుపు విడిచితినని ఒప్పుకొన్నది. 1986 ఆగష్టు వరదలో ఈ చోట 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయినదని చదివి వినిపించితిమి. అంకె పెద్దదే గాని అత్తగారికి అంకె అక్కరలేదు. గట్లు తెగునని భయపడి బియ్యపు డబ్బాలు అటకమీదికి ఎక్కించి, పిల్లలతో మేడయున్న యింట తలదాచుకొన్న రాత్రి వారికి తెలియును. అన్నము పెట్టు నీటిని అదుపులో నుంచుట యెంత పనియో ఆ వరుస తలుపులు చూచినపుడు మాకు కొంత బోధపడినది.

ధవళేశ్వరమునుండి రాజమహేంద్రవరము దగ్గరయే. ప్రొద్దు ఇంకను ఉండుటచేత కందుకూరి వీరేశలింగము పంతులుగారి యిల్లు చూడబోతిమి. స్త్రీలకొరకు 1883లో సతీహితబోధిని యను పత్రికను నడిపి, మన పత్రికలకెల్ల దారి చూపినవారు వారు. 1881 డిసెంబరు 11వ తేదీన వారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు ఊరంతయు వెలివేసినంత పనిచేసినది. వంటవారును నీళ్లు మోయువారును మానివేయగా వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి బిందెలతో నీరు తెచ్చి, స్వయముగా వండి వడ్డించిరి. పంతులుగారి ఉపన్యాసములు పుస్తకములైనవి. ఆ బిందెల బరువు ఏ పుస్తకమునకు ఎక్కును? ఆ యింటి వాకిట నిలిచి ఈ కథ చెప్పగా మా అత్తగారు, "ఎన్ని బిందెలు మోసిందో తల్లి" అని మాత్రమనిరి. మోసినవారికే ఆ ప్రశ్న తోచును.

సాయంకాలము రేవున కాళ్లు తడుపుకొని, పాత హేవలాకు వంతెనను దూరమునుండి చూచితిమి. 1900లో తెరచిన ఆ వంతెనమీద 1997 తరువాత రైళ్లు పోవుట లేదు. ప్రక్కనున్న క్రొత్త వంతెనమీద రైలు పోవుచుండగా అమ్మాయి చేయి ఊపినది. పిమ్మట తిరుగు ప్రయాణము.

దారిలో అమ్మాయి, "నాయనమ్మా, మన కాలువకు మొదలు చూశాం. చివర ఎక్కడ?" అని అడిగినది. మాకు దిగువను ఇంకను ఎన్నో గ్రామములు గలవు. శివారు భూములవారికి నీరు అన్నిటికంటె కడపట అందును, వేసవి పంటకు కొన్నియేండ్లు అందియు అందకయే యుండును. ఆ గ్రామముల స్త్రీలు మా రేవు దాటి వచ్చిన నీటినే చెరువులలో నింపుకొందురు. ఈ మాట తోచగానే మేము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. పూజ చేసిన పూలు ప్లాస్టికు సంచిలో కట్టి వంతెనమీదనుండి కాలువలో వేయుట మా యింటి యలవాటు. పవిత్రమైనవి త్రొక్కరాదని నీటిలో వేయుదుము. ఆ సంచి ఎవరి రేవున తేలుచున్నదో ఎన్నడును తలపలేదు. మాకు ఎగువవారు అట్లే చేసినచో తిట్టుకొందుము గదా!

మరునాడు అత్తగారు ఎవరికిని ఏమియు చెప్పలేదు. పెరటిలో కరివేపచెట్టు మొదట చిన్నగుంట త్రవ్వించి, పూజపూలు అందులో వేయించిరి. వారము తిరుగకముందే ప్రక్కయింటి పిన్నిగారును గుంట త్రవ్వించిరి. రేవు పూర్తిగా బాగుపడినదని చెప్పుటకు రాదు. ఊరిలో ఇంకను వేయువారు వేయుచునే యున్నారు. మా రెండిండ్లనుండి మాత్రము సంచులు పోవుట లేదు.

ఇల్లు చేరిన రాత్రి భోజనమువేళ అమ్మాయి ఊరకుండక, "ఇంక మీ ఊరి నీళ్లే తియ్యన అనవుగా నాయనమ్మా?" అని ఆట పట్టించెను. వారు గ్లాసెత్తి త్రాగి, క్రింద పెట్టి, "నీళ్లొకటేనే. అక్కడ ముంచి ఇచ్చింది మా అమ్మ" అనిరి. అంతట ఎవరమును మాటలాడలేదు. పెద్ద తోడికోడలు లేచి వారి గ్లాసు మరల నింపి, చేతికి అందించెను.

సోదరీమణులారా! మీ యింటికిని ఒక కాలువయో, చెరువో, బావియో, కుళాయియో యుండక తప్పదు. మీ యింట ఏదో యొకటి చూడవలెనని అనుకొని, అడుగక, పని చేసికొనుచు కూర్చున్న పెద్దవారును ఉందురు. దోసెలపిండి ఒకదినము ఆగును. వచ్చే మాఘమాసమున మేము అంతర్వేది పోయి, వసిష్ఠ సముద్రమున కలియుచోటు చూడదలచియున్నాము. మ్రొక్కు ఏమియు లేదు. అత్తగారికి చివరయు చూడవలెనని యున్నది.